ఆయుధపూజ నాడు ఆగిన క్లస్టర్

2022. నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కు నేను సిస్టమ్ అడ్మిన్‌ని. ఇరవై నాలుగు పాత కంప్యూటర్లను ఒక సాఫ్ట్‌వేర్‌తో కలిపి క్లస్టర్ చేశాను. అంటే ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి అన్నిటికీ ఒకేసారి పంచడం. ఒక్కడు కోయాల్సిన చేలో ఇరవై నలుగురు తలా కొన్ని సాళ్ల మునుం పట్టినట్టు. దాని మీద నాకు కొంచెం గర్వం ఉండేది కానీ, దానికి తగ్గ పని దొరకలేదు.

ఆ పని ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. శిల్పి వీరాచారి గారు జానెడు ఎత్తున అమ్మవారి నమూనా చెక్కారు. దాన్ని ఆయన కూతురు భారతి ఆరడుగుల రాతిలో చెక్కాలి. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ఇక సుత్తి ఎత్తలేరు. నమూనాకు అన్ని వైపులా తీసిన నాలుగు వందల ఫోటోల నుంచి క్లస్టర్ ఆరడుగుల రూపాన్ని లెక్కగట్టి తెర మీద చూపాలి.

"కొలతలు నా బిడ్డ చూసుకుంటాదిలేప్పా. పెద్దది చేస్తే అమ్మ చూపు పక్కకు పోతాది. యాడ దిద్దల్లో నేను చూసి చెప్పల్ల. బేగా చెయ్యి, నాకు సానా దినాలు లేవు" అన్నారాయన, మాటమాటకూ ఆయాసపడుతూ.

మూడు రోజుల లెక్క. రెండున్నర రోజులు నడిచింది. ఆయుధపూజ పొద్దున ల్యాబ్‌కు వెళ్తే గదంతా చీకటి. ప్రతి మానిటర్‌కూ కుంకుమ బొట్టు, బంతిపువ్వు. అటెండర్ ఓబులేసు మెయిన్ స్విచ్ ఆపేశాడు.

"పనిముట్లు ఈ పొద్దు పని చెయ్యగూడదు గదా సార్. ఏటా మీరే గదా ఆపేది?" అన్నాడు.

నిజమే, ఏటా నేనే ఆపేవాణ్ని. ఈసారి వద్దని అతనికి చెప్పలేదు. చేసినంత లెక్కను మధ్యమధ్యలో డిస్క్‌లో దాచే చెక్‌పాయింట్ కూడా పెట్టలేదు. నిర్లక్ష్యం, అంతే. పని మొత్తం మొదటికొచ్చింది. సిగ్గుతో చచ్చిపోతూ ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను.

"ఆపనీలేప్పా. ఈ పొద్దు మేం మాత్రం ఉలి ముడతామా? రేపు మొదలుపెట్టు" అన్నారు వీరాచారి గారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మాట కాదనలేక ఆ రోజుకు ఆగి, మర్నాడు మొదలుపెట్టాను.

మళ్లీ మూడు రోజులు పట్టింది. లెక్క పూర్తి కాగానే ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కాను. వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆయన ఆ తెల్లవారుజామునే పోయారు.

కర్మలయ్యాక మళ్లీ వెళ్లి భారతికి ఆ రూపం చూపించాను. తెర మీద దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"చూపు పక్కకు పోతాంది సార్. ఎంత దిద్దల్లో నాకు తెలీదు. నాయనకే తెలుసు" అంది.

ఇప్పుడు ఏ పనికైనా ముందు చెక్‌పాయింట్ పెడతాను. స్విచ్‌బోర్డు మీద కాగితం అంటించి, ఓబులేసుకు రెండుసార్లు చెబుతాను. పని చేయించుకునే మనిషికి ఎంత వ్యవధి ఉందో అడిగాకే నా లెక్క మొదలవుతుంది. భారతి ఆ విగ్రహాన్ని తనకు తోచినట్టు దిద్ది గుడికి పంపింది. బాగుందనే అందరూ అంటారు. వెళ్లి ఆ కళ్లలోకి చూసే ధైర్యం నాకింకా రాలేదు.