నీడలో ఉండాల్సిన ఎరువు

వంగతోటలో ఏ వరసలో ఎన్ని మొక్కలు వాలిపోయాయో రోజూ సాయంత్రం డైరీలో రాసేవాణ్ణి. ఉద్యోగంలో పట్టిన అలవాటు, రిటైరైనా పోలేదు. తోట నరసన్నపేట దగ్గర, మా అక్కాబావలది. మొక్క మొదట్లో, నేలకు ఆనుకుని, తెల్లటి బూజు కనిపించేది. నాలుగు రోజుల్లో మొక్క వేలాడిపోయేది. కిందటేడూ తోటంతా ఇలాగే పోయింది.

“ఈసారీ పోతే సరుగుడు ఏసేస్తాను. నా వల్ల కాదింక,” అన్నాడు బావ.

సరుగుడు వేస్తే నాలుగేళ్ళపాటు పొలంలో పనే ఉండదు. తెల్లారగానే తోటలోకి వెళ్ళకపోతే తోచని మనిషి అక్క. “ఎలాగైనా ఆపరా,” అని నా చెయ్యి పట్టుకుంది.

వ్యవసాయాధికారి చెప్పిన ట్రైకోడెర్మా పొడి కొన్నాను. అదీ బూజు జాతే, కానీ మొక్కను కుళ్ళబెట్టే బూజును తినేస్తుంది. దుకాణం దగ్గరే బావ నవ్వాడు.

“బూజుని సంపడానికి బూజేటోయ్ బామ్మర్దీ! రేపు ఎలకల్ని పట్టడానికి ఎలకల్ని తెస్తావేటి?”

చివికిన పశువుల ఎరువులో ఆ పొడి, వేపపిండి కలిపి, బెల్లం నీళ్ళు చల్లి, పశువుల సాలలో నీడన కుప్ప పోసి తడిగోనెలు కప్పాను. ఆరో రోజున కంటి పరీక్షకని విజయనగరం వెళ్ళి, మూడు రోజులకు తిరిగొచ్చాను.

కుప్ప లేదు. ఎరువంతా కళ్ళంలో పలచగా పరిచి ఉంది, ఎండి పొడిపొడిగా.

“తెల్లబూజు దీనికీ అంటుకున్నాదిరా,” అంది అక్క. “నువ్వొచ్చేలోగా బూజు పోతాదని ఎండేసినాను. రోజూ తిరగేస్తన్నాను కూడా.”

మొక్కల్ని చంపుతున్న బూజూ తెల్లదే. పప్పుకు బూజు పట్టినా మా ఇళ్ళలో ఎండలో పోయడమే ఎరుగుదుం.

అది మందు బూజేననీ, మొదట తెల్లగా వచ్చి తరవాత ఆకుపచ్చగా మారుతుందనీ, ఎండకి చచ్చిపోతుందనీ చెప్పాక అక్క అక్కడే కూలబడింది. “ఆ బూజే మందని నాకో మాట సెప్పొచ్చు కదరా!”

‘పది రోజులు ఆరకూడదు’ అని డైరీలో రాసి, కింద గీత కూడా గీసుకున్నాను. ఊరెళ్ళేముందు ఆ మాట అక్కతో మాత్రం అనలేదు.

మళ్ళీ కలిపితే మరో పది రోజులు. తోటలో నిలబడ్డ మొక్కలు వరసకు నాలుగైదు కూడా లేవు. సాల మూల మడిచి పెట్టిన గోనెలు విప్పితే, మడతల్లో కాస్త తడి ఎరువు, ఆకుపచ్చ బూజుతో, అంటుకుని ఉంది. ఇద్దరం వేళ్ళతో గీకి మొక్కల మొదట్లో పెట్టాం. పది మొక్కలకైనా చాలలేదు.

బావ గట్టు మీద నిలబడి చూశాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

“రేపు సరుగుడు మొక్కలకి ఎల్తాను,” అన్నాడు.

అక్క తలెత్తలేదు. ఖాళీ గోనెను మళ్ళీ దులుపుతోంది.