మైకు కొన్న హార్డ్ డిస్కు

మా పక్కింటాయన బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేవాడు. అందుకే అందరం ఆయన్ని మైకు అనే పిలిచేవాళ్లం. ఒకసారి ఆయనకు మైకులోనే తుమ్ము వస్తే, అది తమ ఊరి పేరనుకుని ఒక బస్సులో జనమంతా దిగిపోయారు. ఖాళీ బస్సు వెళ్లిపోయింది. నమ్మకపోతే మానేయండి, కాన్వెంటులో సిస్టర్లు కూడా నన్నెప్పుడూ నమ్మలేదు. తర్వాతి సంగతి మాత్రం నమ్మండి. అది నా చేతిలో ఉంటే ఇంకోలా కల్పించేవాణ్ణి.

ఆ గొంతులో పుండు లేచింది. స్వరపేటిక మొత్తం కోసి తీసేయాలన్నారు డాక్టర్లు, ఇక మాట రాదన్నారు. ఆపరేషనుకు ముందు మైకు ఇంట్లో కంప్యూటరు దగ్గర కూర్చుని, ముందుముందు అవసరమయ్యే మాటలన్నీ ఒక్కొక్కటిగా రికార్డు చేశాడు. భార్య వంటింట్లోంచి అందించేది.

"వీపు అన్నారా? అయితే గోకు కూడా చెప్పండి. ఎలాగూ నన్నేగా పిలుస్తారు!"

మాటలన్నిటినీ అ నుంచి హ వరకు అక్షరాల వరసలో దాచాడు. అలవాటు పోక అన్నీ బస్టాండు గొంతుతోనే చెప్పాడు. ఆపరేషను తర్వాత ఆయన మీటలు నొక్కితే "ఉప్పు... తక్కువ..." అని, కూర రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగినట్టు వినిపించేది. కాగితం మీద రాసిస్తే మాత్రం ఆవిడ చదివేది కాదు. "నేను పెళ్లాడింది మీ దస్తూరిని కాదు" అనేది.

కొన్నేళ్లకు ఆ కంప్యూటరులో హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. ఆ మాటలకు ఇంకెక్కడా రెండో ప్రతి లేదు. మైకూ నేనూ కొట్టుకు వెళ్లాం. ఆయన రాసి చూపిస్తే చదివి చెప్పడం నా పని.

కొట్టాయన రెండు పెట్టెలు ముందు పెట్టాడు. "ఇది ఎస్ఎస్‌డి. లోపల తిరిగేది ఏమీ ఉండదు, చప్పుడూ ఉండదు. ఇది మామూలు హార్డ్ డిస్కు, లోపల పళ్లెం తిరుగుతుంది. ఏది తీసుకున్నా పాతదాన్ని మాత్రం ఇక ఆన్ చేయకండి. తెచ్చిచ్చేయండి, ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కిస్తాను."

మైకు రాశాడు. నేను చదివాను. "పాడయ్యేముందు చెప్తుందా అంటున్నాడు."

"ఎస్ఎస్‌డీయా? చాలాసార్లు చెప్పదండీ. ఇవాళ బాగానే ఉంటుంది, రేపు లేవదు. మామూలుదైతే కొన్నాళ్లు గొణుగుతుంది."

మైకు గొణిగేదాని మీద చెయ్యేశాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఇంట్లో ఒక మాట అడుగుదామని రాశాడు.

ఇంట్లో ఆవిడ ఒప్పుకోలేదు. "మూలగడానికి ఈ కొంపలో మీరొక్కరు చాలరూ? చప్పుడు లేనిదే తెండి."

మైకు కంప్యూటరు ఆన్ చేశాడు. "కాదు."

"ఎందుకు కాదు?"

"చెప్పకుండా... ఆగుతుంది."

"ఆగితే ఇంకోటి కొనుక్కుందాం!"

"దాన్ని ఆన్ చేయొద్దన్నాడు" అన్నాను నేను.

"ఒక్క నిమిషం అన్నయ్యగారూ" అంది ఆవిడ. "ఒక్క... నిమిషం" అంది కంప్యూటరు.

ఏ డిస్కు కొనాలన్న తగువంతా చచ్చిపోతున్న డిస్కు మీదే నడిచింది. భోజనాలయ్యాక మళ్లీ నడిచింది. మర్నాడూ నడిచింది. చివరికి ఆవిడే తగ్గింది. "సరే, మీ గొణిగేదే తెచ్చుకోండి."

గొణిగేదే కొని, పాతదాన్ని కొట్టులో ఇచ్చి వచ్చాం. తర్వాత కొట్టాయన నాకు ఫోన్ చేశాడు. "అక్షరాల వరసలో ఎక్కుతూ వచ్చాయండీ. మ వరకు వచ్చాయి. య దగ్గర పాతది పూర్తిగా ఆగిపోయింది. పెద్దాయనకు మీరే చెప్పండి." తర్వాత దాన్ని పాడైన డిస్కులు బాగుచేసే చోటికి కూడా పంపించాం. లోపలి పళ్లెం గీరుకుపోయిందని తిప్పి పంపారు.

మైకుకు "పో" మిగిలింది, "రా" పోయింది. "కాదు" ఉంది, "సరే" లేదు. తగువుకు కావలసిన సరుకంతా దక్కింది, రాజీకి కావలసిందే దక్కలేదు. "మీరు వాడేవి ఎప్పుడూ ఇవేగా!" అని ఆవిడ నవ్వింది. ఆయనా భుజాలు ఊగేలా నవ్వాడు. కొన్నాళ్లకు ఆయన మీటల దగ్గర కూర్చోవడం తగ్గింది, ఆవిడ వంటింట్లోంచి కేకేసి అడగడమూ తగ్గింది.

ఈసారి జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. ఆసుపత్రిలో చేర్పించే రోజు బయట కారు ఆగి ఉంది. ఆవిడ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మైకు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. జీవితమంతా బయలుదేరేవాళ్ల గురించి చెప్పినవాడు, తను చెప్పకుండా ఎలా కదులుతాడు? "వస్తాను" కోసం వెతికాడు. వ మొత్తం ఖాళీ. వెనక్కి వెళ్లాడు. ప దగ్గర "పోతాను" ఉంది. ఆయన వేలు దాని మీద ఆగింది.

ఆవిడ సంచీ వదిలేసి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"నొక్కకండి. నేనూ మీతోనే వస్తున్నాగా, ఇక్కడ ఎవరున్నారని చెప్తారు?"

నేనున్నాను అనబోయి ఊరుకున్నాను.

ఆవిడ కంప్యూటరు ఆపేసి ఆయన్ని లేవదీసింది. మెట్లు దిగి, కారు తలుపు తీసి, ఇద్దరి తరఫునా తనే నాకు చెప్పింది: "వెళ్లొస్తామండీ అన్నయ్యగారూ."

ఆవిడ ఒక్కతే వచ్చింది.