ఎడమచేతి పక్కగా ఒక చుట్టు

ఆస్పత్రుల్లో వేసే ఇనుప కుర్చీల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. మూడు కుర్చీలను కలిపి ఒకే కమ్మీకి బిగిస్తారు. వాటిలో కూర్చునే ముగ్గురూ ఒకే ఇంటివాళ్లయినా ఒకే స్వభావం వాళ్లు కారన్న సంగతి, కమ్మీ బిగించినవాడికి తట్టలేదు. ఒకరు కాలు ఊపితే మిగతా ఇద్దరూ ఊగాల్సిందే. తిరుపతిలో ఎముకల డాక్టరు గది బయట ఒక పొద్దున నేను గంటసేపు అలా ఊగాను. ఊపుతున్నది మా అక్క. అవతలి చివర కూర్చున్న పెద్దాయన చాలాసేపు ఓర్చుకుని, "అమ్మా, నాకు నడుమునొప్పి. దానికే వచ్చినా," అన్నాడు. అక్క నొచ్చుకుని ఆపింది. కాసేపటికి నొప్పిలేని రెండో కాలు మొదలుపెట్టింది.

అక్క యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తుంది. కూర్చుని చేసే ఉద్యోగమే. అయితే ఆమె కూర్చుని ఉండగా చూసినవాళ్లు తక్కువ. ఏభై దాటాక మోకాలు మొరాయించింది, మనిషి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆ రోజు చేతిలో ఉన్న పేపరులో జిల్లా పేజీ చదువుతూ ఆమె కాలు ఊపడం ఉన్నట్టుండి ఆపేసింది. నాకు భయం వేసింది. తొంగి చూశాను. చిత్తూరులోని పాత స్టేడియం గ్యాలరీ పగుళ్లిచ్చిందట. వచ్చే వారం కూలగొట్టి, మైదానం మూసేసి, కొత్తది కడతారట.

ఈలోగా లోపలికి పిలిచారు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, ఆపరేషన్ వచ్చే వారమే చేసేద్దామన్నాడు.

"తర్వాత సుబ్బరంగా నడవచ్చునమ్మా," అన్నాడు.

"పరిగెత్తచ్చా?"

డాక్టరు ఆమెను చూసి, ఆమెను తీసుకొచ్చినందుకు నన్నూ చూశాడు. "పరుగెందుకమ్మా ఇప్పుడు? బస్సు పోతే ఇంగో బస్సు వస్తాది."

బయటికి రాగానే అక్క అంది: "రేయ్, ఆదివారం చిత్తూరుకు పోదాం. ఒక సుట్టు తిరగాల."

"ఏ గుళ్లో?"

"గుళ్లో తిరిగినందుకే గదరా ఇదంతా జరిగింది."

జరిగింది ఇదీ. మేం చిత్తూరులో చదువుకునే రోజుల్లో అక్క కాలేజీకి ఒక డ్రిల్లు మాస్టరు ఉండేవాడు. ఏదో శిక్షణకని ఎక్కడికో వెళ్లి, ఒక లావుపాటి బ్యాటుతో, ఒకే ఒక్క బంతితో, బేస్‌బాల్ అనే మాటతో తిరిగొచ్చాడు. పరుగెత్తగలరని ఖోఖో ఆడే అమ్మాయిలను తెచ్చి జట్టు కట్టాడు. ఆట ఏమిటని నాయన అడిగాడు. అక్క వివరించింది. నాలుగు మూలల్లో నాలుగు గుర్తులు. బంతిని కొట్టి, కుడిపక్కన ఉన్న మొదటి గుర్తుకు పరుగెత్తాలి. అక్కడినుంచి రెండోది, మూడోది చుట్టి మొదలైన చోటికే రావాలి. అవతలివాళ్లు బంతిని తెచ్చి మనకంటే ముందు గుర్తు దగ్గరికి చేరిస్తే ఔట్. నాయన అంతా విని, "బిళ్లంగోడే గదమ్మా. కట్టె లావయింది, బిళ్ల గుండ్రమయింది," అన్నాడు. దానిమీద ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఇంకో కాలేజీ జట్టుతో మ్యాచ్‌ ఆ స్టేడియంలోనే పెట్టారు. దాన్ని స్టేడియం అనడానికి కారణం గ్యాలరీ ఒక్కటే. ఒకవైపు మాత్రం రాతిమెట్లు, పైన రేకులు. మిగతా మూడువైపులా గోడ. టికెట్టు పెట్టిన రోజుల్లో గోడకే గిరాకీ. నిజం చెప్పాలంటే అక్కడ ఆటలు అప్పుడప్పుడూ జరిగేవి, మిగతావి ఎప్పుడూ జరిగేవి. ఎగ్జిబిషన్ వచ్చి రంగులరాట్నం పాతేది. దీపావళికి టపాకాయల అంగళ్లు. పెద్దవాళ్లు ఎవరైనా వస్తే హెలికాప్టరు దిగేది కూడా అక్కడే. అది లేపిన దుమ్ము మీటింగు అయ్యేదాకా దిగేది కాదు. మామిడికాయల కాలంలో మండీల్లో చోటు చాలని లారీలు వచ్చి మైదానమంతా నిలబడేవి, ఆ వారం ఆటగాళ్లు తోతాపురి వాసనలో పరుగెత్తేవాళ్లు. పోలీసు ఉద్యోగాలకు పరుగు పందేలూ, ఎత్తూ ఛాతీ కొలతలూ అక్కడే. మా ఊళ్లో చాలామంది మగవాళ్ల జీవితం ఆ మైదానంలో కొన్ని అంగుళాల తేడాతో వేరే దారి పట్టింది.

మ్యాచ్‌కు వారం ముందు నుంచి అమ్మ రంగంలోకి దిగింది. ఆమెకు ఆట తెలియదు, గెలవాలని మాత్రం తెలుసు. ప్రతి పొద్దునా అక్కను గుడికి తీసుకుపోయి నవగ్రహాల చుట్టూ తిప్పింది. మామూలుగా తిరిగే చుట్లు చాలవని ఆఖరి రోజు రెట్టింపు చేయించింది. ప్రదక్షిణంలో దేవుడు ఎప్పుడూ కుడిచేతికి ఉంటాడు. బేస్‌బాల్లో మైదానం నడిమధ్య ఎప్పుడూ ఎడమచేతికి ఉంటుంది. ఈ చిన్న తేడాను డ్రిల్లు మాస్టరూ పట్టించుకోలేదు, నవగ్రహాలూ పట్టించుకోలేదు.

ఆట ఆఖరికి వచ్చింది. ఒక్క పరుగు చాలు. నాయనా నేనూ గ్యాలరీలో నడిమి మెట్టు మీద చెనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నాం. అక్క కొట్టింది. అంత దూరం ఎవరూ కొట్టలేదు ఆ రోజు. గ్యాలరీ అంతా లేచింది. అక్క బ్యాటు పారేసి, తల వంచుకుని, వారమంతా కాళ్లు నేర్చుకున్న దిక్కుకే పరుగెత్తింది. నేరుగా మూడో గుర్తుకు. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి దోవ తప్పిన పెళ్లివాళ్లను చూసినట్టు చూసింది. బంతి తీరిగ్గా వెనక్కి వచ్చి మొదటి గుర్తు దగ్గరికి చేరింది. అక్క మూడో గుర్తు మీద చేతులెత్తి నిలబడి ఉంది. అందరూ ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

ఇంటికి పోతూ నాయన అన్న మాట ఒకటే: "పోనీలేమ్మా, పుణ్యమన్నా వచ్చింది."

మరుసటి ఏడు ఆ మాస్టరుకు బదిలీ అయింది. బ్యాటు కూడా ఆయనతోనే వెళ్లిపోయింది. అక్క మళ్లీ ఆడలేదు. ఆమె కాలు ఊపడం ఎప్పుడు మొదలైందో నేను ఖచ్చితంగా చెప్పలేను. ఆ మ్యాచ్‌కు ముందు మాత్రం మా ఇంట్లో మంచాలు కదిలేవి కావు.

కాబట్టి ఆదివారంలోపల నాకు ఒక పని పడింది. బ్యాటు కొనాలి. తిరుపతిలో ఆటసామాన్ల అంగడికి పోయి బేస్‌బాల్ బ్యాటు ఉందా అని అడిగితే, లేదంటాడనుకున్నాను. అంగడాయన లోపలినుంచి నాలుగు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"కారుకా సార్, ఇంటికా?"

"అంటే?"

"కారుకైతే పొట్టిది. సీటు కింద పడతాది. ఇంటికైతే ఇది, తలుపు ఎనకాల పెట్టుకోవచ్చు. ఒక దెబ్బ సాలు."

"ఆటకు."

ఆయన నన్ను కొంచెం అనుమానంగా చూశాడు. "ఆటకా? ఆటకు ఎవురూ కొనరే సార్."

"బంతి ఉందా?"

"బంతి యాడుంటాది? బంతి అడిగినోడే లేడు."

పొడుగుదాన్నీ, ఒక టెన్నిస్ బంతినీ కొన్నాను. కాయితం చుట్టి ఇవ్వమంటే, కాయితం చుట్టితే ఇంకా అనుమానంగా ఉంటుందని ఆయనే వద్దన్నాడు.

ఆదివారం తెల్లవారగానే బస్సెక్కాం. అక్క కిటికీ పక్కన కూర్చుని, కాసేపు కిటికీ మూసి, కాసేపు తెరిచి, నీళ్ల సీసా మూత తిప్పుతూ పాకాల దాకా వచ్చింది. కండక్టరు టికెట్టు కొడుతూ నా కాళ్ల మధ్యనున్న బ్యాటును చూశాడు.

"ఏందన్నా, యాడన్నా గొడవా?"

"ఉండాది," అంది అక్క. "పాతది."

ఆయన గబగబా వెనక సీట్లకు పోయాడు.

స్టేడియం గేటు సగం తెరిచి ఉంది. కాపలాదారు బీడీ ఆర్పి, "రేపట్నుంచి రేకులు ఇప్పుతారు, ఎవుర్నీ పంపించేది లేదు. ఈ పొద్దు వాకింగోళ్లకు మాత్రమే," అన్నాడు. అక్క నా చేతిలోని బ్యాటును చూపించి, "ఇది ఊతకర్ర," అంది. మోకాలు పట్టుకుని ఒకడుగు కుంటి చూపించింది కూడా. అది నటనో కాదో నాకు తెలియలేదు.

మొదట గ్యాలరీ ఎక్కాం. నడిమి మెట్లలో రావిమొక్క మొలిచి రాతిని రెండుగా విడగొట్టింది. మ్యాచ్‌ రోజు నాయనా నేనూ కూర్చున్న మెట్టు మాత్రం బాగానే ఉంది. ఎందరో కూర్చుని కూర్చుని నున్నబడిన రాయి, పొద్దుటిపూట చల్లగా తగిలింది. మెట్ల సందుల్లో చెనక్కాయ పొట్టు అలాగే ఉంది. నాయనదే అని నేనన్నాను, అక్క నవ్వలేదు. పాత స్టేడియానికి పోవడంలో ఏం సుఖముందని నన్నెవరైనా అడిగితే ఆ రాతిమెట్టునే చూపిస్తాను. పక్కవాడు ఎంత కాలు ఊపినా మనకు తెలియదు. గెలుస్తున్నవాళ్లూ ఓడుతున్నవాళ్లూ ఒకే రాయి మీద కూర్చుని, ఒకరినొకరు కదిలించకుండా ఇంటికి పోవచ్చు. అలాంటి చోటు కుటుంబాల్లో దొరకదు.

అక్క నన్ను ఎక్కువసేపు కూర్చోనివ్వలేదు. "లెయ్. ఎండెక్కతాంది."

మైదానం చుట్టూ వాకింగ్ చేసేవాళ్లు గుంపులు గుంపులుగా తిరుగుతున్నారు. అందరూ ఒకే దిక్కుగా, మైదానాన్ని కుడిచేతికి పెట్టుకుని. ఎవరూ బోర్డు పెట్టలేదు. ఏదైనా గుండ్రంగా కనిపిస్తే ఎటువైపు నుంచి తిరగాలో మా జిల్లాలో పుట్టినప్పుడే తెలుస్తుంది.

గుర్తులకు ఏమీ తేలేదని అప్పుడు గుర్తొచ్చింది. అక్క తన టిఫిన్ సంచి పెట్టి, ఇదే మొదలూ చివరా అంది. మొదటి గుర్తుకు నా కుడి చెప్పు, రెండోదానికి ఎడమ చెప్పు, మూడోదానికి నీళ్ల సీసా. నేను ఉత్త కాళ్లతో మధ్యలో నిలబడ్డాను. మైదానం నిండా పల్లేరుకాయలు. ఈ విషయం ఆట నియమాల్లో లేదు.

"ఎయ్యి," అంది అక్క.

వేశాను. ఆమె బ్యాటు ఊపింది, తగల్లేదు. రెండోదీ అంతే. మోకాలు వంగినప్పుడల్లా ఆమె పెదవి బిగించడం కనిపిస్తూనే ఉంది.

"ఇంగొకటి తప్పితే ఔటు," అంది.

"మనిద్దరమే గదక్కా, ఎన్నయినా ఎయ్యచ్చు."

"మూడే. ఎయ్యి."

మూడోది వేశాను. అంత నెమ్మదిగా ఎవరూ ఎవరికీ బంతి వేసి ఉండరు. అక్క కొట్టింది. బంతి నా తల మీదుగా పోయి, గ్యాలరీ పక్కనున్న ముళ్లలో పడింది. అక్క బ్యాటు పారేసింది. ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది. కుడిచేతివైపు తిరిగి, నా కుడి చెప్పు మీదికి పరుగు పెట్టింది.

పరుగంటే కుంటుతూనే. చెప్పును తొక్కింది, ఎడమవైపు మళ్లింది. నేను ఎగరడం మొదలుపెట్టాను. రెండో గుర్తు వాకింగ్ దోవకు మరీ దగ్గరగా పడింది. మంకీ క్యాపు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన తన గుంపుతో సహా ఎదురొచ్చి, రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అమ్మా, అమ్మా! ఆపక్క గాదు, ఈపక్క! అందురూ తిరిగేది ఇట్ల!"

"తిరిగేదానికి రాలేదన్నా, జరుగు!" అని అరిచి, అక్క ఆయన చంక కిందనుంచి దూరి, ఎడమ చెప్పును తొక్కి మూడోదానికి మళ్లింది. సీసాను తొక్కితే మూత ఎగిరిపోయి నీళ్లు కారాయి. ఆ మిగిలిన దూరం ఆమె ఒక్క కాలి మీదే వచ్చిందనాలి. టిఫిన్ సంచి పక్కన కూలబడి, దాన్ని అరచేత్తో కొట్టింది.

నేను చప్పట్లు కొట్టాను. మంకీ క్యాపాయన గుంపులో కూడా ఇద్దరు ఎందుకో తెలియకుండానే కొట్టారు. పల్లేరుకాయల మీద ఆచి తూచి అడుగులేస్తూ ఆమె దగ్గరికి పోయాను.

"అయిపోయిందక్కా. గెలిచినావు."

అక్క మోకాలు పట్టుకుని, ఒగరుస్తూ, గ్యాలరీ పక్కనున్న ముళ్లకేసి చూసింది. తర్వాత నా ఉత్త కాళ్లను చూసింది.

"నువ్వు బంతికి పోనే లేదు గదరా," అంది.