డ్రమ్ములో కందగడ్డలు

ఈరమ్మ ఏడవలేదు. భర్త లచ్చయ్య పోయి పదకొండో రోజు వచ్చినా ఆమె కంట చుక్క నీరు రాలేదు. నాగోల్‌లో మూసీ పక్కనున్న ఆ రేకుల ఇంటికి దినానికి వచ్చిన చుట్టాలందరూ ఆ కళ్లనే చూస్తున్నారు. చావింటికి వచ్చినవాళ్లకు ఎదుటివాళ్ల కన్నీళ్లు కొలవడం కంటే పెద్ద పనేముంటుంది! ఆమెకు మాత్రం ఏమీ తెలియడం లేదు. చన్నీళ్లు పోసుకుంటే చలి లేదు, అన్నం ముందు పెడితే ఆకలి లేదు. పెరట్లోని నీలం డ్రమ్ము ఒక్కటే గుర్తుంది.

లచ్చయ్య పందులు పెంచేవాడు. దిల్‌సుఖ్‌నగర్ హోటళ్లలో మిగిలిన కూడు ఆటోలో తెచ్చి పోసేవాడు. ఆ నూనె, మసాలా పెద్దవాటికి పడ్డాయి గానీ, పాలు మాన్పించిన పిల్లలకు పడలేదు. కడుపులు చెడి తొమ్మిదింటిలో నాలుగు చచ్చిపోయాయి. దాంతో శివరాత్రి మర్నాడు, ఒక్కపొద్దులు తీరాక ఎవరూ అడగని కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, ఎల్బీనగర్ నుంచి మూడు బస్తాలు పట్టుకొచ్చాడు. సన్నగా తరిగి, డ్రమ్ములో గాలి లేకుండా తొక్కి, మూత చుట్టూ మట్టి మెత్తాడు.

"పదిహేను దినాలు ముట్టకు. పుల్లటి వాసనొస్తే పిల్లలు బతుకుతయి. కుళ్లు వాసనొస్తే పారబొయ్యి" అన్నాడు. ఐదో రోజు ఆటోలోనే గుండె ఆగి పోయాడు.

అప్పటినుంచీ మిగిలిన ఐదు పిల్లలూ తవుడు నీళ్లతో ఎముకలు తేలి పడున్నాయి. ఈరమ్మ మాత్రం డ్రమ్ము ముట్టలేదు. ఈ రోజుతో గడువు తీరింది.

ఫొటో ముందు విస్తరి వేసి, కూర, కల్లు పెట్టడానికి రమ్మంటే ఆమె పెరట్లోకి నడిచింది. మట్టి పగలగొట్టి మూత లాగింది. పులిసిన గంజి వాసన. కాస్త తవుడు కలిపి తొట్టిలో వేసింది. ఒక పిల్ల మూతి పెట్టి చూసింది. తర్వాత ఐదూ ఎగబడ్డాయి.

ఆడబిడ్డ ఇంద్రాణి పరుగున వచ్చింది. "గిదేంది వదినె! అన్నకు పెట్టకముందే పందులకు పెడ్తవా?"

తొట్టి అడుగు కనిపించేదాకా ఈరమ్మ కదలలేదు.

"ముప్పై ఏండ్ల సంది గవి తిన్నంకనే గదా మీ అన్న తిన్నడు" అంది.

చేతులు కడుక్కుని, ఫొటో ముందు కూర్చుని, విస్తట్లో అన్నం పెట్టింది.

"పిల్లలు తిన్నయయ్యా. ఇగ నువ్వు తిను" అంటూ ఆ విస్తరి మీదే పడి ఏడ్చింది.