చూపు ఆగిన చోట

మా పరిశోధన ల్యాబులో ఒక్కొక్కరు చదివి వెళ్ళాక గడ్డం ఆనించే పీటను స్పిరిట్‌తో తుడవడం నా పని. సైన్సు పాఠం చదివేవాళ్ళ చూపు ఎక్కడ ఆగిందో, దేన్ని దాటేసిందో మా యంత్రం తెర మీద చుక్కలుగా చూపిస్తుంది. ఆ చుక్కలు చూసీ చూసీ సాయంత్రానికి నా కళ్ళు మండుతాయి. నిజం చెప్పాలంటే ఈ ఉద్యోగం విసుగొచ్చేసింది. అయినా ఆ స్పిరిట్ వాసన తగిలితే చాలు, కువైట్‌లో ఖైతాన్ అనే పేటలో మేమున్న ఫ్లాటు, పక్క వాటాలో ఉండే సువార్తమ్మ సిస్టర్ గుర్తుకొస్తారు.

ఆమెది గోదావరి వైపు. ఆసుపత్రిలో నర్సు. నేను కడప నుంచి వచ్చి, మా అక్క భర్త రెడ్డెయ్య బావ దగ్గర ఉండేవాణ్ణి. బావకు చక్కెర జబ్బు. 1990లో ఇరాక్ సైన్యం వచ్చి పడ్డాక మందుల షాపులు ఖాళీ అయ్యాయి, ఆయన ఇన్సులిన్ అయిపోయింది. సిస్టర్ ఎవరెవరినో బతిమాలి ఒక సీసా తెచ్చారు. అది పాతదానికంటే చాలా గాఢమైనది. పాత కొలత ప్రకారమే ఎక్కించుకుంటే మనిషి దక్కడు.

“డ్యూటీ నుంచి ఎప్పుడొత్తానో నాకే తెలీదండి. మీరే చదువుకోండి,” అని పెట్టెలోని ఇంగ్లిషు కాగితం బావ చేతికిచ్చారు.

బావ గబగబా చదివేసి, “అర్థమయింది లే సిస్టర్,” అన్నాడు. మావాళ్ళకు అదొక మర్యాద. నర్సో డాక్టరో అడిగితే అర్థం కాలేదని చచ్చినా అనరు. అంటే వాళ్ళను చిన్నబుచ్చినట్టని భయం.

సిస్టర్ కదల్లేదు. “మీ కళ్ళు ఎక్కడా ఆగకుండా కిందకి జారిపోయాయండి. నిజంగా చదివేవోళ్ళ చూపు కష్టమైన చోట ఆగుద్ది, ఎనక్కెళ్ళుద్ది. మా వార్డులో రోజూ చూత్తానండి. ఏదీ, మందు తీసి చూపించండి.”

బావ సిరంజిలోకి సరిగ్గా పాత గీత వరకూ మందు లాగాడు. ఆమె చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నారు. కొలత ఉన్న వాక్యం మీద వేలు పెట్టి, ఆయన సరిగ్గా తీసేదాకా మళ్ళీ మళ్ళీ చదివించారు.

“సచ్చిపోతాంటి కదా సిస్టర్,” అన్నాడు బావ నీరసంగా.

ఇండియాకు చేరడానికి జోర్డాన్ వైపు వెళ్ళే బస్సులో మాకు చోటు దొరికిన రోజు ఆమె సాగనంపడానికి వచ్చారు. “మీరూ రాండి సిస్టర్,” అన్నాను.

“తర్వాత బస్సుకి వచ్చేత్తానండి,” అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు బస్సు మీద ఒక్కసారీ ఆగలేదు. ఆసుపత్రి ఉన్న వైపుకే పదే పదే వెళ్ళింది. రారని నాకు అప్పుడే తెలిసిపోయింది. బావ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆమె ఏమయ్యారో ఎంతమందిని అడిగినా తెలియలేదు. ఆ దిగులు ఇప్పటికీ పోలేదు.

ఈ రోజు చివరగా వచ్చిన అమ్మాయి చదవడం ముగించి, “అర్థమైంది సార్,” అంది. తెర మీద చుక్కలు ఎక్కడా ఆగకుండా కిందికి జారి ఉన్నాయి. రికార్డింగ్ అయిపోయింది, నా పనీ అయిపోయింది. ఒళ్ళంతా అలసట, ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది. కానీ కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని, “పర్లేదమ్మా, ఎక్కడ అర్థం కాలేదో చెప్పు,” అన్నాను.