బొంబాయికి పుట్టింటి చీర

"బొంబాయి రైలు మన లింగంపల్లిలనే ఆగుతది. సంచి సర్దుకున్న. స్టేషన్ కాడ దించు, చాలు. తెల్లారేసరికి ఆడుంట."

"గీ మోకాళ్లతోని రాత్రంతా రైల్ల కూసుంటవా అమ్మా? విమానంల గంటంబావు. పొద్దుగాల ఆరింటికి లేస్తది. ఎనిమిదింటికల్లా చిన్నమ్మ ఇంట్ల ఉంటం."

"గంటంబావుల బొంబాయి వస్తదారా? కోఠికి పోనీకే అంతకన్న ఎక్కువ పడుతది."

"రైలు చుట్టు తిరిగి పోతది, విమానం సీదా పోతది. టికెట్లు గూడ తీస్కున్న."

"నన్నడగకుండనా?"

"అడిగితే వద్దంటవని ఎర్కే గద!"

ఆ మధ్యాహ్నమే చెల్లెలి మొగుడు, మా మరిది ఫోన్ చేశాడు. బొంబాయిలో నా చెల్లెలు పోయింది. మా వాళ్లలో ముత్తయిదువుగా పోయిన ఆడదానికి పుట్టింటి చీర కప్పాకే పాడె ఎత్తుతారు. మా పుట్టింట్లో మిగిలింది నేనొక్కదాన్నే. రేపు తొమ్మిది దాకా ఆపుతానన్నాడు మరిది. "ఎండెక్కితే ఆగది వదినా" అని రెండుసార్లు అన్నాడు.

మా వాడు హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి. కాగితం మీద గీతలు గీసి దూరం, సమయం అన్నీ చూపించాడు. మూడో తరగతితో బడి మానేసిన నాకు అందులో తప్పేమీ దొరకలేదు. టికెట్లు వద్దంటే పైసలు తిరిగివ్వరట. ఆ మాటతో సర్దిన సంచి పక్కన పెట్టేశాను. ఇంతలో బొంబాయి రైలు కూత వినిపించింది.

బతుకమ్మ పండక్కి కొని, కట్టకుండా దాచుకున్న ఎర్రంచు నేతచీర తీశాను. కొంగున పసుపు కుంకుమ ముడివేశాను.

తెల్లారి బేగంపేట విమానాశ్రయంలో అద్దాల అవతల అంతా మంచే. విమానాలు ఎక్కడున్నాయో కూడా కనపడలేదు. మా వాడు మాటిమాటికీ లేచి వెళ్లి కౌంటర్లో అడిగి వస్తున్నాడు.

"జరసేపే అమ్మా. ఎండ రాంగనే లేస్తదంట."

"ఎండ ఆడ గూడ వస్తది గదరా."

వాడు తల దించుకున్నాడు. వాణ్ని తిట్టి ఏం లాభం? మంచును ఎవరు తిడతారు?

ఎనిమిది దాటాక ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"యాడిదాక వచ్చినవ్ వదినా?"

"హైదరాబాద్‌లనే ఉన్న."

"పెద్దమనుషులు తొందరపెడుతున్నరు. ఏం జెయ్యమంటవ్?" అన్నాడు మరిది.

ఆపమనడానికి మొహం చెల్లలేదు. ఎత్తమనడానికి నోరు రాలేదు. ఫోన్ మా వాడి చేతిలో పెట్టేశాను.

పది దాటాక విమానం లేచింది. మా వాడు చెప్పినట్టు గంటంబావే పట్టింది. మేం వెళ్లేసరికి మరిది ఇంటి ముందు ఇద్దరు ఆడవాళ్లు నీళ్లు పోసి, పాడె లేచిన వాకిలి కడుగుతున్నారు.