ఒక మెట్టు పైన బెరిల్

బెరిల్ ఆక్స్‌టబీ చేతులు చూస్తే గిటారు వాయించే చేతులని ఎవరూ అనుకోరు. ఇంగ్లండులోని హల్ రేవులో చేపలు కోసే షెడ్డులో నా పక్క బల్లే ఆమెది. వేళ్ళనిండా కత్తిగాట్లు, ఆపైన మంచునీళ్ళు. ఆ వేళ్ళతోనే, కోల్‌యార్డ్ అనే లండన్ కుర్రాళ్ళ పాటల బృందపు మొట్టమొదటి రికార్డును మొదటి పాట నుంచి చివరి పాట దాకా పట్టేసింది. అది పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం. ఆ రికార్డు వచ్చాక మా హెసిల్ రోడ్డులో గిటారు పట్టని కుర్రాడు లేడు. ఆడపిల్ల మాత్రం ఈ ఒక్కతే.

మా పబ్బులో పాడే కెన్ స్టాథర్స్ దగ్గరి గిటారువాడు చేపల ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆ చోటు తనకే కావాలని బెరిల్ పట్టుబట్టింది. అది తప్పిపోతే ఊళ్ళో ఇంకెవరూ ఆడదాన్ని పక్కన నిలబెట్టుకోరని ఆమెకు తెలుసు.

"వాళ్ళు నవ్వుతారే," అన్నాను.

"నవ్వనీ. వాళ్ళ దవడలే నొప్పెడతాయి."

శనివారం మధ్యాహ్నం పబ్బుకు నన్నూ లాక్కుపోయింది. ఆ రికార్డులోని మొదటి పాటే ఎత్తుకున్నారు. అబ్బ, ఏం చెప్పను! రెండు పిల్లులు కొట్టుకున్నట్టుంది. డ్రమ్ములు వాయించే రాయ్ పగలబడి నవ్వాడు.

"ముందు శ్రుతి చేసుకోవడం నేర్చుకో తల్లీ! చేపలు కోసినట్టు కాదు."

"రికార్డులో ఉన్నట్టే వాయించాను. తేడా ఉంటే మీ దగ్గరే ఉంది!"

కెన్ కనుబొమలు ముడిచాడు. "ఏ గ్రామఫోను మీద నేర్చుకున్నావమ్మాయ్?"

"మా నాన్నది. డాన్సు పాటలు ఈడుస్తున్నాయని మోటారు కడ్డీకి టేపు చుట్టాడు..."

చెబుతూ చెబుతూ తనే ఆగిపోయింది. టేపు మందానికి రికార్డు వేగంగా తిరిగింది, ఆ వేగానికి శ్రుతి కూడా ఒక మెట్టు పైకెక్కింది. పాపం పిచ్చిది, ఇన్నాళ్ళూ ఆ పరుగునే నేర్చుకుంది. పబ్బంతా గొల్లున నవ్వింది. నాకైతే ఏడుపొచ్చింది.

"మళ్ళీ నేర్చుకుని రా, చూద్దాం," అన్నాడు కెన్. అంటే రావద్దనే.

బెరిల్ కదల్లేదు. ముఖం కందగడ్డలా అయింది. అక్కడే నిలబడి ఒక్కో తీగా వదులు చేసి వాళ్ళ శ్రుతికి దింపింది.

"శ్రుతి మీది. వేగం నాది. అందుకోండి!"

అందుకోలేక చచ్చారు. రాయ్ చొక్కా తడిసి ముద్దయింది. గ్లాసులు కడిగే మనిషి కూడా చేతులాపి చూశాడు.

"చంపేశావు కదే!" అన్నాడు రాయ్ రొప్పుతూ. "ఏదీ, ఇంకొక్కసారి కానీ!"

కెన్ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. "వచ్చే శనివారం పెందలాడే రా," అన్నాడు.

బెరిల్ షెడ్డు మానలేదు, గిటారూ మానలేదు. కొన్నేళ్ళపాటు రేవు పబ్బులన్నిటిలో ఆ పాట ఆమె వేగంలోనే మోగింది. మా కుర్రకారంతా ఆమెను చూసే నేర్చుకున్నారు.

డెబ్భై నాలుగులో కోల్‌యార్డ్ వాళ్ళే హల్ వచ్చారు. హాలు కిక్కిరిసింది. అదే పాట ఎత్తుకున్నారో లేదో, వెనక నుంచి మావాళ్ళు అరవడం మొదలుపెట్టారు.

"ఏంటయ్యా ఆ ఈడుపు? బెరిల్‌లా వాయించండి!"

బెరిల్ సిగ్గుతో నా చెయ్యి పట్టి లాగుతున్నా వినకుండా, నేనూ కుర్చీ ఎక్కి అరిచాను.